ఒకరి తప్పు, మరొకరి నష్టం: అపకృత్య న్యాయంలోని మూలసూత్రాలు

ఎగువ రైతు నీటిని ఒక్కసారిగా వదిలితే దిగువ రైతు మడి కొట్టుకొనిపోతుంది. కంచె లేని గుంతలో పొరుగువారి ఎద్దు పడి కాలు విరుగుతుంది. దారిన పోయేవానిని బండి గుద్ది వెళ్తుంది. ఇట్టి సందర్భాలలో మన సరిహద్దు గ్రామాలవారికి మొదట తోచేవి రెండు మార్గాలు: ఒకటి రచ్చబండ దగ్గర పంచాయితీ, రెండవది పోలీసు ఠాణా. మూడవ మార్గం కూడా కలదు. తప్పు చేసినవాని నుండి నష్టపోయినవాడు పరిహారం రాబట్టుకొనే సివిలు మార్గం అది. దాని మూలసూత్రాలను తెలుసుకొనుట ప్రతి కుటుంబానికీ అవసరం.

అపకృత్యం అనగా నేమి?

ఒప్పందంతో నిమిత్తం లేకుండా, చట్టం అందరిపైనా మోపిన కర్తవ్యాన్ని ఉల్లంఘించి మరొకరి శరీరానికి, ఆస్తికి, లేక పరువుకు హాని కలిగించుటను అపకృత్యం అంటారు. న్యాయవాదులు దీనిని టార్టు అని వ్యవహరిస్తారు. ‘వంకర’ అనే అర్థం గల లాటిను మాట నుండి ఈ పేరు వచ్చినది. నేరానికి, దీనికి గల భేదం ముఖ్యమైనది. నేరం రుజువైతే దోషికి శిక్ష పడుతుంది, జరిమానా సాధారణంగా ప్రభుత్వ ఖజానాకు చేరుతుంది. అపకృత్యం రుజువైతే సొమ్ము నష్టపోయినవాని చేతికి వస్తుంది. ఒకే సంఘటన రెండూ కావచ్చును. పోలీసు కేసు నడుస్తున్నదని సివిలు హక్కు పోదు.

మన దేశంలో దీనికి సమగ్రమైన శాసనం లేదు. సర్ ఫ్రెడరిక్ పొలాక్ 1886లో ఒక ముసాయిదా తయారుచేసినా అది చట్టం కాలేదు. అందుచేత ఈ న్యాయం ప్రధానంగా తీర్పుల ద్వారానే పెరిగినది.

ప్రతి నష్టానికీ పరిహారం ఉండదు

1410లో ఇంగ్లండులోని గ్లోస్టరులో ఒక బడి ఎదుట మరొక ఉపాధ్యాయుడు కొత్త బడి తెరిచాడు. పోటీ వలన పాత బడివారు రుసుము తగ్గించుకొనవలసి వచ్చినది. వారు దావా వేశారు. నష్టం నిజమే కాని హక్కు భంగం కాలేదని న్యాయస్థానం దానిని త్రోసిపుచ్చినది. మన ఊరిలో మన అంగడి ప్రక్కనే మరొక అంగడి వెలిసినా ఇదే న్యాయం.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ 1703 నాటిది. ఒక ఓటరును ఎన్నికల అధికారి ఓటు వేయనీయలేదు. అతడు కోరిన అభ్యర్థులే గెలిచారు కాబట్టి అతనికి కలిగిన నష్టం శూన్యం. అయినను హక్కు భంగమైనందున అతని దావా నిలిచినది. కాబట్టి మొదట వేసుకొనవలసిన ప్రశ్న ‘ఎంత పోయినది?’ కాదు, ‘నా ఏ హక్కు భంగమైనది?’ అన్నది.

అజాగ్రత్త

1928లో స్కాట్లండులోని పెయిజ్లీ పట్టణంలో ఒక స్త్రీకి స్నేహితురాలు అల్లపు పానీయం కొనిపెట్టినది. లోపల ఏమున్నదో కనబడని ఆ సీసాలో కుళ్లిన నత్త ఉన్నదని, దాని వలన జబ్బు పడితినని ఆమె తయారీదారుపై దావా వేసినది. పానీయం కొన్నది ఆమె కాదు కనుక ఒప్పందం లేదు. అయినను 1932లో బ్రిటిషు ప్రభువుల సభ తయారీదారుకు ఆమె పట్ల జాగ్రత్త వహించవలసిన బాధ్యత కలదని నిర్ణయించినది. మన చేత వలన ఎవరికి హాని కలుగగలదని ముందుగా ఊహించుకొనవచ్చునో, వారందరూ మన పొరుగువారే అన్నది లార్డు అట్కిన్ చెప్పిన సూత్రం.

అజాగ్రత్త దావాలో మూడు విషయాలు చూపవలెను: ఎదుటివానికి జాగ్రత్త వహించవలసిన కర్తవ్యం ఉన్నదని, దానిని అతడు తప్పినాడని, ఆ తప్పు వలననే నష్టం కలిగినదని. నష్టపోయినవాని అజాగ్రత్త కూడా తోడైతే ఆ మేరకు పరిహారం తగ్గుతుంది.

కార్వేటినగరం చెరువుల కథ

1868లో ఇంగ్లండులో ఒక కీలకమైన తీర్పు వెలువడినది. ఒక మిల్లు యజమాని కట్టించిన జలాశయం నుండి నీరు పాత గని దారుల గుండా పొరుగువాని గనిలోకి పోయినది. యజమాని స్వయంగా అజాగ్రత్త చూపలేదు. అయినను ప్రమాదకరమైన దానిని తన భూమిలోకి తెచ్చుకొన్నవాడు, అది దాటిపోయి చేసిన నష్టానికి బాధ్యుడే అని తీర్పు చెప్పారు. దీనిని కఠిన బాధ్యత అంటారు.

ఆ సూత్రం మన సీమకు వచ్చినప్పుడు ఏమైనది? నేటి చిత్తూరు జిల్లాలో, తమిళనాడు సరిహద్దుకు సమీపంలో ఉన్న కార్వేటినగరం అప్పుడు ఒక జమీందారీ. భారీ వర్షాలకు అక్కడి చెరువులు తెగి మద్రాసు రైల్వే కంపెనీ మార్గానికి, వంతెనలకు నష్టం కలిగినది. కంపెనీ జమీందారుపై దావా వేసినది. వ్యాజ్యం లండనులోని ప్రీవీ కౌన్సిలు దాకా వెళ్లినది. 1874లో కంపెనీ ఓడిపోయినది. ఈ చెరువులు తరతరాలుగా ఉన్నవి, సేద్యానికి ప్రాణాధారమైనవి, వాటిని కాపాడుట జమీందారు విధి, పూడ్చివేసే స్వేచ్ఛ అతనికి లేదు, కావున అజాగ్రత్త రుజువు కానిదే అతడు బాధ్యుడు కాడని న్యాయమూర్తులు నిర్ణయించారు.

ఇందులోని నీతిని సరిగా గ్రహించవలెను. చెరువు తెగితే ఎవరికీ బాధ్యత లేదని దీని అర్థం కాదు. గట్టును మరమ్మతు చేయక విడిచినట్లు, హెచ్చరించినా తూమును పట్టించుకొననట్లు రుజువైతే అజాగ్రత్త కింద బాధ్యత తప్పదు.

సంపూర్ణ బాధ్యత

1984 భోపాల్ విషాదం తరువాత, 1985 డిసెంబరులో ఢిల్లీలోని ఒక కర్మాగారం నుండి ఓలియం వాయువు వెలువడినది. ఆ వ్యాజ్యంలో 1986 డిసెంబరులో ప్రధాన న్యాయమూర్తి పి. ఎన్. భగవతి నాయకత్వంలోని సుప్రీంకోర్టు ధర్మాసనం సంపూర్ణ బాధ్యతా సూత్రాన్ని ప్రకటించినది. ప్రమాదకరమైన పరిశ్రమ నడిపేవారు దాని వలన కలిగిన హానికి ఏ మినహాయింపూ లేకుండా పరిహారం చెల్లించవలసినదే. 2020 మే 7న విశాఖపట్నంలో స్టైరీన్ వాయువు వెలువడి ప్రాణనష్టం జరిగినప్పుడు, మరునాడే జాతీయ హరిత ట్రిబ్యునల్ ఆ సంస్థను ముందుగా 50 కోట్ల రూపాయలు జమ చేయమని ఆదేశించినది.

యజమాని, ప్రభుత్వం

పనివాడు తన పనిలో భాగంగా చేసిన తప్పుకు యజమాని బాధ్యుడు. ప్రభుత్వం కూడా యజమానియే. రాజస్థానులో ప్రభుత్వ జీపు గుద్ది ఒక పాదచారి మరణించిన వ్యాజ్యంలో రాష్ట్రమే బాధ్యత వహించవలెనని 1962లో సుప్రీంకోర్టు చెప్పినది. ఆంధ్రప్రదేశ్‌లో అధికారులు 1975లో స్వాధీనపరచుకొన్న ఎరువులు పాడైపోయిన వ్యాజ్యంలో 1994లో అదే న్యాయస్థానం రాష్ట్రాన్ని బాధ్యురాలిని చేసినది.

ఏ రాష్ట్రపు కోర్టు? ఎంత గడువు?

మనవారికి ముఖ్యమైన సందేహం ఇదే. శరీరానికి లేక చరాస్తికి హాని కలిగితే, హాని జరిగిన చోట గాని, ప్రతివాది నివసించే చోట గాని దావా వేయవచ్చునని సివిలు ప్రక్రియా స్మృతి 19వ సెక్షను చెప్తున్నది. హోసూరు నివాసి కుప్పంలో ఒకరి ఎద్దును గాయపరిస్తే, రెండింటిలో ఏ చోటనైనా కోరుకొనే హక్కు వాదిది. భూమికి సంబంధించినదైతే సాధారణంగా భూమి ఉన్న చోటనే వేయవలెను. మోటారు ప్రమాదాలలో ఇంకొక సౌకర్యం కలదు. బాధితుడు తాను నివసించే ప్రాంతపు ట్రిబ్యునల్‌లోనే అర్జీ పెట్టుకొనవచ్చును. బళ్లారివాసికి అనంతపురంలో ప్రమాదం జరిగితే ప్రతి వాయిదాకూ అనంతపురం పోనక్కరలేదు.

గడువు దాటితే న్యాయమైన హక్కు కూడా చేజారుతుంది. పరువునష్టానికి ఒక సంవత్సరం. భూమిలోకి అక్రమ ప్రవేశానికి మూడు సంవత్సరాలు. మరణానికి 1855 నాటి చట్టం కింద వేసే దావాకు రెండు సంవత్సరాలు. మోటారు ప్రమాదాలకు ఆరు నెలల నియమం 2022 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చినది.

చివరిగా ఒక మాట. పంచాయితీలో రాజీ కుదుర్చుకొనుట మంచిదే. కాని రాజీ కాగితం మనకు చదువరాని లిపిలో ఉంటే, కన్నడమైనా, తమిళమైనా, ఒడియా అయినా, నమ్మకమైన వారిచేత ప్రతి పంక్తినీ చదివించుకొని అర్థమైన తరువాతనే వేలిముద్ర వేయవలెను. ‘ఇక ఏ హక్కూ కోరను’ అన్న ఒక్క వాక్యం చాలు, పెద్ద పరిహారాన్ని చిన్న మొత్తానికి వదులుకొనుటకు. స్త్రీలకు, పిల్లలకు, షెడ్యూల్డు కులాలు, తెగలవారికి, వికలాంగులకు 1987 చట్టం ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం లభిస్తుంది. 15100 నంబరుకు ఫోను చేసి సలహా పొందవచ్చును. సంతకానికి ముందు చేసే ఆ ఒక్క ఫోను, తరువాత ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరుగుటను తప్పించగలదు.