పెళ్లి చెల్లింది, దారి చెల్లలేదు



అమెరికాలో ఉన్న మన పిల్లలు ఈమధ్య ఒకే రకం ప్రశ్న అడుగుతున్నారు. అక్కడి పౌరుణ్ణో, పౌరురాలినో పెళ్లి చేసుకున్నారు. ఆ పెళ్లి ఆధారంగా గ్రీన్‌కార్డుకు దరఖాస్తు పెట్టారు. అది తేలడానికి నెలలు పడుతుంది, ఒక్కోసారి ఏళ్లు. ఈలోగా డాలస్ నుంచి చికాగోకు పోవచ్చా, దారిలో ఎవరైనా ఆపితే ఏం చూపించాలి అని భయం. నేను వకీలును కాదు, తెలుగు పాఠాలు చెప్పుకునే మనిషిని. తెలిసినంతవరకు సంగతి ఇది. ముందుగా ‘అడ్వాన్స్ పెరోల్’ తీసుకోకుండా దేశం దాటితే చాలామందికి దరఖాస్తు వదులుకున్నట్టే లెక్క. దేశం లోపల తిరగడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. అయితే 18 ఏళ్లు నిండిన విదేశీయులు తమ రిజిస్ట్రేషన్ రుజువును ఎప్పుడూ వెంట ఉంచుకోవాలని అక్కడ చట్టం ఉంది. టెక్సాస్‌లో మెక్‌అల్లెన్ వైపు నుంచి హ్యూస్టన్‌కు వచ్చే దారిలో, సరిహద్దుకు ఎంతో దూరంలో, దేశం లోపలే చెక్‌పోస్టులున్నాయి. అందుకే పిల్లలు దరఖాస్తు రసీదు బ్యాగులో పెట్టుకుని, వీలైతే ప్రయాణమే మానుకుంటున్నారు.

పెళ్లికి కాగితం, దారికి ఇంకో కాగితం. ఈ రెండు ముళ్లూ కలిపి మన జిల్లాల కూలీల మెడకు వేసిన చరిత్ర ఒకటుంది. ఈ భాగంలో దాని గురించే.

చంద్రగిరి అంటే అందరికీ రాజమహలు గుర్తొస్తుంది. 1639లో ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు దక్కిన నాటికి ఇక్కడ అరవీటి రాజులుండేవారని టూరిస్టులకు చెబుతారు. ఆ మద్రాసు రేవు నుంచే తర్వాతి కాలంలో ఇక్కడి మనుషుల్ని ఓడలకెక్కించారని ఎవరూ చెప్పరు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడేదాకా చంద్రగిరి తాలూకా ఉత్తర ఆర్కాటు జిల్లాలో ఉండేది. దక్షిణాఫ్రికాలోని నాటాల్ చెరకుతోటలకు పెద్ద ఎత్తున కూలీలను పంపిన జిల్లాల్లో ఉత్తర ఆర్కాటు ఒకటి. మొదటి ఓడ ‘ట్రూరో’ మద్రాసులో బయలుదేరి 1860 నవంబర్ 16న దర్బన్ చేరింది. 1911లో ఆగిపోయేదాకా మొత్తం 1,52,184 మంది పోయారు. మూడింట రెండొంతుల మంది మద్రాసు రేవు నుంచే. మధ్యలో 1876 నాటి ధాత కరువు ఉంది. కరువొచ్చినప్పుడు ముందు ఏ వాడలో పొయ్యి ఆరిపోతుందో మీకు చెప్పక్కర్లేదు.

ఓడ జాబితాలు ఇప్పటికీ ఉన్నాయి. మనిషికి ఒక వరస: పేరు, తండ్రి పేరు, వయసు, ఆడా మగా, కులం, జిల్లా, తాలూకా, ఊరు, ఒంటిమీది మచ్చలు. కులం గడిలో ‘పరయ’ అని రాసిన పేర్లు కోకొల్లలు. మన ఊళ్ల చరిత్రలు రాసినవాళ్లు మన తాతల పేర్లు ఎక్కడా రాయలేదు. ఓడ గుమాస్తా రాశాడు, అదీ సరుకు లెక్కలాగా.

ఇక పెళ్లి సంగతి. నూరుమంది మగవాళ్లకు 40 మంది ఆడవాళ్లు ఉండాలని నిబంధన. అందువల్ల ఏజెంట్లకు ఆడమనుషులు కావాలి. డిపోలోనే జతకట్టి ఓడెక్కినవాళ్లున్నారు. వాడల్లో మన పెళ్లిళ్లు ఎలా జరిగేవి? కులపెద్ద, తాళి, నలుగురికి బువ్వ. పొసగకపోతే విడిపోవడమూ మారుమనువూ అదే పెద్దల ముందు. కాగితం ఎక్కడిది? నాటాల్‌లో 1891 నాటి 25వ నంబరు చట్టం కూలీల పెళ్లిని ‘ప్రొటెక్టర్’ ఆఫీసు పుస్తకంలోకి ఎక్కించాలంది. పుస్తకంలో లేకపోతే సర్కారు కంటికి అది పెళ్లి కాదు.

అదే చట్టం దారిని కూడా కట్టేసింది. యజమాని రాసిచ్చిన చీటీ లేకుండా కూలీ తోట దాటితే ఎవరైనా పట్టుకోవచ్చు. యజమాని కొట్టాడని ప్రొటెక్టర్‌కు మొరపెట్టుకోవడానికి నడిచిపోతున్నవాళ్లను కూడా చీటీ లేదని పట్టి జైల్లో వేసేవాళ్లు. ఇందులో వ్యాపారులకు ఒక చిక్కొచ్చింది. తెల్ల పోలీసుకు సేటుకూ కూలీకీ తేడా తెలియదు, రంగు ఒక్కటే కదా. దానికి మందుగా 1897లో 28వ నంబరు చట్టం వచ్చింది. ఒప్పందంలో లేని భారతీయులు ఒక పాసు తీసుకోవచ్చు, కూలీ అనుకుని పొరపాటున పట్టుకోకుండా. అంటే ‘నేను కూలీని కాను’ అని రుజువు చేసే కాగితం. కూలీని పట్టుకోవడం మాత్రం ఎవరికీ పొరపాటు అనిపించలేదు. నేను చదివిన వలస చట్టాలన్నిటిలో నాకు నిద్రపట్టనివ్వని చట్టం ఇదే.

ఒప్పందం ముగిశాక అక్కడే ఉంటామంటే తలకు ఏటా 3 పౌండ్ల పన్ను, 1895 చట్టం ప్రకారం. మొదటి ఏడు మగవాడి కూలి నెలకు 10 షిల్లింగులు, ఆడమనిషికి అందులో సగం. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు. ఆ కూలి లెక్కన మగవాడికి ఆర్నెల్ల జీతం, ఆడమనిషికి పూర్తి ఏడాది జీతం. తర్వాత ఈ పన్నును 13 ఏళ్లు దాటిన ఆడపిల్లల మీదా, 16 దాటిన మగపిల్లల మీదా కూడా వేశారు.

1910 మే 31న నాలుగు రాష్ట్రాలూ కలిసి దక్షిణాఫ్రికా యూనియన్ అయింది. దేశం ఒకటైంది గానీ, భారతీయులకు నాలుగు దేశాలుగానే మిగిలింది. నాటాల్ వాడు అనుమతి లేకుండా ట్రాన్స్‌వాల్‌లో అడుగుపెడితే నేరం. ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌లోనైతే నివాసమే నిషేధం.

1913 మార్చి 14న కేప్ సుప్రీంకోర్టులో జస్టిస్ సర్ల్ తీర్పు వచ్చింది. హసన్ ఈసప్ అనే నివాసి భార్య బాయి మరియంను ఓడ దిగనివ్వలేదు. బహుభార్యత్వాన్ని ఒప్పుకునే మతం ప్రకారం జరిగిన పెళ్లి ఈ దేశ చట్టం దృష్టిలో పెళ్లి కాదు, కాబట్టి ఆమె భార్యగా లోపలికి రాలేదని న్యాయమూర్తి తేల్చాడు. ఒక్కదెబ్బకు హిందువుల పెళ్లిళ్లు, ముస్లింల పెళ్లిళ్లు అన్నీ అనుమానంలో పడ్డాయి. మా భార్యల్ని ఉంపుడుగత్తెలంటారా అని ఊరూరా సభలు జరిగాయి. కోపం న్యాయమైనదే. కానీ కూలీల పెళ్లికి కాగితం అడగడం అప్పటికే పాత కథ. అప్పుడు ఇన్ని సభలు లేవు. పరువున్న ఇళ్ల పెళ్లిళ్లను అడిగాకే అది జాతి అవమానం అయింది.

ఆ పోరాటాన్ని పుస్తకాల్లో సత్యాగ్రహం అంటారు. అందులో చేసిన పని ఏమిటో చూడండి. దేశం లోపల ప్రయాణం! పెళ్లి చెల్లుతుందో లేదో తేలని ఆడవాళ్లు, అనుమతి చీటీ లేకుండా ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోయారు. 1913 సెప్టెంబర్‌లో కస్తూర్బాతో కలిపి 16 మందిని వోక్స్‌రస్ట్ సరిహద్దు దగ్గర అరెస్టు చేశారు. ట్రాన్స్‌వాల్ నుంచి ఎదురు దిక్కుగా 11 మంది ఆడవాళ్లు, ఎక్కువగా తమిళులు, తంబి నాయుడు తోడుగా నాటాల్‌లోకి వచ్చి న్యూకాసిల్ బొగ్గుగనుల కూలీల దగ్గరికి పోయారు. చంకలో పిల్లల్ని ఎత్తుకుని కూలీల లైన్లలో తిరిగి, ఆ 3 పౌండ్ల పన్ను పోయేదాకా పనిలోకి దిగొద్దన్నారు. కూలీలు దిగలేదు. అక్టోబర్ 21న ఆ ఆడవాళ్లకు మూడు నెలల కఠినశిక్ష పడింది.

గాంధీని ఇక్కడ పక్కన పెట్టమని నేను అనను. కానీ ఈ ఉద్యమాన్ని నిలబెట్టింది తమిళ, తెలుగు, హిందీ కూలీల సమ్మె. నవంబర్ 6న చార్లెస్‌టౌన్ నుంచి వోక్స్‌రస్ట్ వైపు 2,037 మంది మగవాళ్లు, 127 మంది ఆడవాళ్లు, 57 మంది పిల్లలు నడిచారు. నాలుగు రోజుల తర్వాత రైళ్లలో కుక్కి వెనక్కి తెచ్చి, గనుల్నే జైళ్లని ప్రకటించి, గని ఉద్యోగులనే వార్డర్లుగా పెట్టారు. చెరకుతోటల్లో కాల్పులు జరిగి కూలీలు చచ్చిపోయారు. జైల్లో జబ్బుపడి బయటికొచ్చిన వల్లియమ్మ 1914 ఫిబ్రవరి 22న కన్నుమూసింది. ఆ పిల్లకు 16 ఏళ్లు.

1914లో ఇండియన్ రిలీఫ్ చట్టం వచ్చింది. 3 పౌండ్ల పన్ను పోయింది. ఒక భర్త, ఒక భార్య ఉన్న పెళ్లి చెల్లింది. వేలిముద్ర ఉన్న నివాస ధ్రువపత్రం చూపిస్తే దేశంలోకి రానిస్తామన్నారు. మరి దారి? రాష్ట్రం నుంచి రాష్ట్రానికి స్వేచ్ఛగా తిరిగే హక్కు రాలేదు. జూన్ 30న ప్రభుత్వానికి రాసిన ఉత్తరంలో గాంధీయే, ఈ విషయంలో తన మనుషుల్లో కొందరికి అసంతృప్తి ఉందని ఒప్పుకున్నాడు. జూలై 18న ఆయన ఓడెక్కి వెళ్లిపోయాడు. అసంతృప్తి ఉన్నవాళ్లు అక్కడే ఉండిపోయారు.

తర్వాత మన ఏలూరు వైపు కూర్మా వెంకటరెడ్డి నాయుడు 1929 నుంచి 1932 దాకా అక్కడ భారత ప్రభుత్వ ఏజెంటుగా ఉన్నారు. ఆ కాలంలోనే, 1931లో, అక్కడి తెలుగువాళ్లు ఆంధ్ర మహాసభ పెట్టుకున్నారు. దాని గురించి ఇంకోసారి రాస్తాను.

పెళ్లికి ఇచ్చిన కాగితాన్ని కూడా 1953లో వెనక్కి లాక్కున్నారు. భారతదేశంలో పెళ్లాడిన భార్యను, పిల్లల్ని దక్షిణాఫ్రికాకు తెచ్చుకునే హక్కును ఆ ఏడాది చట్ట సవరణతో తీసేశారు. దారి మాత్రం 1975 దాకా అలాగే ఉంది. అప్పుడు కూడా ఆరెంజ్ ఫ్రీ స్టేట్‌నూ, ఉత్తర నాటాల్‌లో కొన్ని జిల్లాలనూ మినహాయించారు. అవి తెరుచుకున్నది 1986లో. అంటే ట్రూరో ఓడ దిగిన 126 ఏళ్లకు.

చంద్రగిరి, పాకాల, చిత్తూరు వైపు విద్యార్థులకు ఒక పని చెబుతాను. మీ ఇంట్లో ముసలివాళ్లను అడగండి, ఓడెక్కి పోయి తిరిగిరాని మనిషి ఎవరైనా ఉన్నారా అని. పేరు, తండ్రి పేరు, ఊరు, ఈ మూడు చాలు. ఉత్తర ఆర్కాటు అని రాసి ఉన్న వరసల్లో వెతుకుదాం. గుమాస్తా ఊరిపేర్లు ఇంగ్లీషులో ఎలా పడితే అలా రాశాడు, కాబట్టి మీ ఊరిని పాతకాలంలో ఏమని పిలిచేవారో అది కూడా రాసి పంపండి.