చిత్రలేఖనము నేర్పని చిత్రాచార్యుడు

చిత్రకళను, రూపరచనను కళాశాలలో చదువగోరు యువకులు ఇటీవల మా కోనసీమనుండియు బయలుదేరుచున్నారు. అది నేర్పిన వచ్చు విద్యయా, పుట్టుకతో రావలసిన సొత్తా యని వారి తల్లిదండ్రులు మమ్మడుగుచుందురు. మేము భాషలు బోధించువారమే కాని కుంచె పట్టినవారము కాము. అయినను ఈ ప్రశ్నకు చరిత్రలో నొక సమాధానము కలదు. దానికై దూరదేశములకు పోనక్కరలేదు. ఓడలరేవువద్ద వైనతేయమై సముద్రమున గలియు గోదావరి, పాయలుగా చీలకముందు ఏ నగరము నొరసికొని ప్రవహించునో, ఆ రాజమహేంద్రవరముననే యది దొరకును.

1909లో అచటి ప్రభుత్వ కళాశాలకు ఆస్వాల్డ్ కూల్డ్రే యను ఆంగ్లేయుడు అధ్యక్షుడై వచ్చెను. ఆయన సాహిత్యపరుడు, నీటిరంగులతో చిత్రములు వ్రాయుట ఆయనకు ప్రీతి. ఆయన కళాశాలలో చిత్రకళ పాఠ్యాంశము కాదు. దానికొక గది లేదు, పరీక్ష లేదు, పట్టము లేదు. చిత్రకళాశాలలు దేశమున అప్పటికే యుండెను. మద్రాసున అలెగ్జాండర్ హంటర్ 1850లో నొకటి నెలకొల్పెను, బొంబాయి జె. జె. పాఠశాల 1857లో పుట్టెను. అచట ప్రతిమల యచ్చులను ముందుంచుకొని నకలు దీయుట ముఖ్యసాధనము. దానివలన చేతికి పట్టు, కొలతకు నిదానము కలుగును; ఆ సాధనను మేము తేలిక చేయము. కాని యెదుట నున్న యేటిగట్టును జూడనేరని కంటికి గ్రీకుదేవత ముక్కు కొలత యేమి చేయగలదు?

కూల్డ్రేగారు చేసినది మిక్కిలి సామాన్యమైన పని. అభిరుచి గల విద్యార్థులను చేరదీసెను. వారి గీతలను శ్రద్ధతో జూచెను. తమ దేశమును, తమ పురాణములను, తమ నదిని చిత్రింపదగినవిగా వారు గుర్తించునట్లు ప్రోత్సహించెను. దామెర్ల రామారావు, అడివి బాపిరాజు, కవికొండల వేంకటరావు ఆ ప్రోత్సాహము పొందినవారు. పరదేశీయు డొకడు వచ్చి చెప్పువరకు మన యిల్లు మనకు కనబడకుండుట కొంత సిగ్గుపడదగిన విషయమే. చెప్పినవానియందు కృతజ్ఞత చూపుటకు ఆ సిగ్గు అడ్డు రాకూడదు.

ఆయన చేసిన పనులలో మేము మిక్కిలి గౌరవించునది వేరొకటి. రామారావునకు తానిచ్చినది చాలదని ఆయన యెరిగెను. 1916లో ఆ శిష్యుడు బొంబాయి పాఠశాలలో జేరెను. అందులకు ఈ గురువే తోడ్పడెను. మాబోటి యుపాధ్యాయులకు ఇది యెంత కష్టమో బైటివారికి తెలియదు. తెలివిగల పిల్లవాడు దొరికినచో వానిని మా దస్తూరిలోనే వ్రాయించి, అది మా బిడ్డ యని మురియుట మా కులవ్యసనము. కూల్డ్రేగారు నీటిరంగుల చిత్రకారులే. కాని రామారావును మరియొక కూల్డ్రేను చేయలేదు.

1920లో రామారావు బొంబాయి చదువు ముగించెను. 1922లో ఆయన ఋష్యశృంగుని చిత్రమునకు కలకత్తాలో వైస్రాయి బహుమానము లభించెను. 1923లో రాజమహేంద్రవరమున ఆయన తానే యొక చిత్రకళాశాల స్థాపించెను. ఆయన భార్య సత్యవాణిగారు, సోదరి బుచ్చికృష్ణమ్మగారు కూడ చిత్రములు వ్రాసిరి. స్త్రీ యింటి ముంగిట ముగ్గు వేయుటను మెచ్చి, కాగితముపై బొమ్మ వ్రాయుటను వింతగా జూచు కాలమున, ఒక్క యింటిలో ఇందరు కుంచె పట్టుట సామాన్యము కాదు. 1925 ఫిబ్రవరిలో మశూచికము రామారావును బలిగొన్నది. అప్పటి కాయనకు ఇరువదియెనిమిదేండ్లయిన నిండలేదు. పాఠశాల మాత్రము ఆగలేదు. మిత్రుడు వరదా వేంకటరత్నముగారు దానిని నడిపిరి.

ఇక బాపిరాజుగారి మాట. వారు చిత్రకారులై, 1935 నుండి కొన్నియేండ్లు బందరు జాతీయకళాశాలకు అధ్యక్షులై యుండియు, తెలుగువారికి ముఖ్యముగా 'నారాయణరావు' నవలాకర్తగా తెలిసిరి. ఆ నవలను చదువునపుడు రంగులను, రేఖలను ఎరిగిన కన్ను దాని వెనుక నున్నదని మాకు తోచును. కళాశాలనుండి ఎందరు చిత్రకారులు వెడలిరని లెక్కించి కళాబోధ ఫలమును నిర్ణయించువారు ఇట్టి ఫలమును ఏ పద్దులో వ్రాయుదురు?

నేటి రూపరచన విద్యార్థి కంప్యూటరుముందు కూర్చుండి, లోకమందలి బొమ్మలన్నియు క్షణములో రప్పింపగలడు. యంత్రమును మేము దూషింపము. కాని యది ఆనాటి ప్రతిమల యచ్చులకు వారసురాలు కాకూడదు. మొదటియేడు విద్యార్థిని బండారులంక మగ్గముకడ కూర్చుండబెట్టవలెను. చీరయంచున ఒక మొగ్గ తేలుటకు నేతగాడు పోగులు లెక్కించుట వాడు చూడవలెను. మా రేవున పడవ యడుగుపలక వంపును వడ్రంగి కంటితో సరిచూచునపుడు ప్రక్క నిలువవలెను. వారిని వినోదముగా చూచి వచ్చుట కాదు, గురువులుగా నెంచి అడిగి తెలిసికొనవలెను. చిక్కంతయు నిచటనే యున్నది. చేతిపనిని కులవృత్తియని క్రిందికి ద్రోసి, దాని బొమ్మను మాత్రము కళయని గోడకు తగిలించు అలవాటు మన యిండ్లలో నింకను పోలేదు. బిడ్డను రూపరచన చదివింప లక్షలు వెచ్చించు తండ్రి, వాడు సాలెవాని ప్రక్కను నేలపై కూర్చుండెనని విన్నచో ముఖము చిట్లించును.

పాఠశాలలలో చిత్రలేఖనపు గంటను గణితమున కిచ్చివేయుట మే మెరుగనిది కాదు. అది తిరిగి వచ్చువరకు గృహస్థులు చేయదగిన పని యొకటి కలదు. రాజమహేంద్రవరమున రామారావు పేర చిత్రశాల యున్నది. సెలవులలో పిల్లలను అచటికి గొనిపోవునప్పుడు, పెద్ద వర్ణచిత్రములయొద్దనే నిలిచి తిరిగి రావలదు. పెన్సిలుతో గీచిన చిన్న రేఖాచిత్రములను గూడ చూపుడు; వానియొద్ద పిల్లలను తొందరపెట్టకుడు.