మన్ను లేని సేద్యము - మీరాలం చెరువు

మన్ను లేక మొక్క మనగలదని 1860 ప్రాంతమున జర్మన్ శాస్త్రవేత్తలు సాక్స్, నాప్ లవణద్రావణాలలో మొక్కలు పెంచి నిరూపించారు. ఆ విద్యకు ‘హైడ్రోపోనిక్స్’ అన్న పేరును 1937లో అమెరికా శాస్త్రవేత్త గెరికే ప్రచారంలోకి తెచ్చాడు. అందులో లోతునీటి పద్ధతి సులువైనది. తొట్టి నిండా పోషకద్రావణం, దానిపై తేలే పలక, పలక రంధ్రాలలో మొక్కలు. నీట మునిగిన వేళ్లకూ ఊపిరి కావాలి గనుక పంపుతో గాలి నింపుతుండాలి. అది ఆగితే వేళ్లు కుళ్లుతాయి.

మిత్రులారా, పాతబస్తీ చెంతనే ఎవరూ కోరని ఇటువంటి సేద్యం ఒకటి సాగింది. 21 అర్ధవృత్తాకారపు కమానులను వరుసగా కలిపి, 1804-1806 నడుమ నిర్మించిన ఆనకట్ట మీరాలం చెరువుది. ఉస్మాన్‌సాగర్ రాకముందు నగరం దాహం తీర్చిన చెరువది. పిమ్మట మురుగు చేరింది. అందలి నత్రజని, భాస్వరమే పోషకద్రావణమై గుర్రపుడెక్కను మేపాయి. దాని కాడల్లోనే గాలి అరలున్నాయి, పంపుతో పనిలేదు. అది కప్పిన నీటిలో చేపలకు మాత్రం ప్రాణవాయువు కరువు.

2018లో నెక్నాంపూర్ చెరువున ఇదే సూత్రాన్ని మేలుకు వాడారు. తేలే తెప్పపై వట్టివేరు, మెట్టతామర వంటివి నాటి, మురుగులోని పోషకాలను వేళ్లచేత పీల్పించారు. అయితే తెప్ప పీల్చగలిగినది కొంతే. తొట్టిలో పోషకాన్ని కొలిచి పోసే మనం చెరువులో కొలత లేక పోశాము. డెక్కను ఎన్నిమార్లు పెరికించినా, మురుగు ఆగనిదే ఆ పంట ఆగదు.