మన కథలు ప్రపంచమంతా తిరిగాయి.. మరి మనకంటూ ఒక ఫెస్టివల్ ఏది?

మన తుంగతుర్తి ముచ్చట్లలో ఈరోజు కొంచెం దూరం పోదాం. స్పెయిన్ దాకా పోయి, సూర్యాపేట, మిర్యాలగూడ మీదుగా మళ్లీ ఇంటికొద్దాం.

టాపిక్ ఏందంటే, మొదటి సినిమా. ఒక కొత్త డైరెక్టర్ ఉన్నాడు. చేతిలో పైసల్లేవు, స్టార్ లేడు. ఉన్నదల్లా తన ఊరి కథ ఒక్కటే. ఆ సినిమా ఎవరు చూస్తారు? ఎక్కడ చూస్తారు? దీనికి స్పెయిన్ వాళ్లు ఒక జవాబు వెతుక్కున్నారు. మనం ఇంకా వెతుక్కోలేదని నా బాధ. ఎందుకో చెప్తా, వినండి.

స్పెయిన్ దక్షిణ తీరంలో మాలగా అనే నగరం ఉంది. చిత్రకారుడు పికాసో పుట్టిన ఊరు. అక్కడ 1998లో ఒక ఫిల్మ్ ఫెస్టివల్ మొదలైంది. కాన్, బెర్లిన్ లాంటివి ప్రపంచంలోని సినిమాలన్నిటికీ. మాలగా మాత్రం తమ స్పానిష్ సినిమా కోసమే పెట్టుకున్నారు. 2017 నుంచి లాటిన్ అమెరికా సినిమాలను కూడా పోటీలోకి తీసుకుంటున్నారు. అక్కడి పెద్ద బహుమతి పేరు గోల్డెన్ బిజ్నాగా. బిజ్నాగా అంటే మల్లె మొగ్గలను ఎండిన ముళ్ల మొక్క కాడకు గుచ్చి చేసే పూలచెండు. ఆ ఊళ్లో వీధుల్లో అమ్ముతారు. అంటే బహుమతి కూడా ఊరి వీధిలోంచే పుట్టిందన్నమాట.

ఇప్పుడు ఆ బహుమతి ఎవరికి వచ్చిందో చూడండి. 2017లో కార్లా సిమోన్ తీసిన 'సమ్మర్ 1993'. అమ్మానాన్నలను పోగొట్టుకున్న ఆరేళ్ల పాప, పల్లెలో మేనమామ ఇంట్లో గడిపిన ఒక ఎండాకాలం కథ. అది డైరెక్టర్ సొంత బాల్యమే. 2020లో పిలార్ పలోమేరో తీసిన 'లాస్ నీన్యాస్'. 1992 నాటి ఒక కాన్వెంట్ స్కూల్ పిల్లల కథ. 2023లో ఎస్తిబాలిస్ ఉర్రెసోలా తీసిన '20,000 స్పీషీస్ ఆఫ్ బీస్'. బాస్క్ ప్రాంతం కథ. ముగ్గురూ ఆడవాళ్లే. మూడూ వాళ్ల మొదటి ఫీచర్ సినిమాలే.

ఇంకో సంగతి. స్పెయిన్‌ను 1939 నుంచి 1975లో చనిపోయేదాకా నియంత ఫ్రాంకో ఏలాడు. ఆ రోజుల్లో కాటలాన్, బాస్క్ భాషలను బడుల్లోంచి, ఆఫీసుల్లోంచి తరిమేశారు. ఇప్పుడు 'సమ్మర్ 1993' కాటలాన్‌లో ఉంది, తేనెటీగల సినిమాలో బాస్క్ వినిపిస్తుంది. ఇంట్లో మాత్రమే బతికిన భాష తెర మీదికొచ్చింది. తెలంగాణ యాస విషయంలో మనకిది బాగా అర్థమవుతుంది, దాని దగ్గరికే వస్తున్నా.

కార్లా సిమోన్ రెండో సినిమా 'అల్కరాస్' 2022లో బెర్లిన్‌లో గోల్డెన్ బేర్ గెలిచింది. నేను ఫోన్‌లో చూశా. కథేంటంటే, ఒక రైతు కుటుంబం తరతరాలుగా పీచ్ తోట సాగు చేసుకుంటది. అంతర్యుద్ధం కాలంలో భూస్వామి కుటుంబాన్ని దాచిపెట్టి కాపాడినందుకు ఆ భూమి నోటిమాటగా ఇచ్చారు. కాగితం లేదు. వారసుడొచ్చి చెట్లు కొట్టేసి సోలార్ ప్యానెళ్లు పెడతానంటాడు. నటించిన వాళ్లు దాదాపు అంతా ఆ చుట్టుపక్కల మనుషులే. చూస్తుంటే సబ్ టైటిల్స్ చదవాలనిపించలే. నోటిమాట భూమి, కాగితం లేని సాగు, గడప దాకా వచ్చిన దొర వారసుడు.. ఇవన్నీ మన తాతలు చెప్పిన ముచ్చట్లే కదా!

అందుకే ఇక మన దగ్గరికొద్దాం.

1946 నుంచి 1951 దాకా తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం జరిగింది. దానికి గుండెకాయ లాంటి ప్రాంతాల్లో మన సూర్యాపేట, జనగామ తాలూకాలు ఉన్నాయి. ఎర్రపహాడ్ దేశ్‌ముఖ్ జన్నారెడ్డి ప్రతాపరెడ్డి చేతిలో లక్షన్నర ఎకరాలు ఉండేవని పుచ్చలపల్లి సుందరయ్య రాశారు. మల్లు స్వరాజ్యం గారిది మన కర్విరాల కొత్తగూడెం. తుపాకి పట్టారు, ఊరూరా పాట పాడారు. ఆమె తలకు సర్కారు పదివేల రూపాయల వెల కట్టింది. 'బండెనక బండి కట్టి' పాట కట్టిన బండి యాదగిరి కూడా ఈ ప్రాంతం మనిషే.

ఈ నేల కథ సినిమాగా ముందు హిందీలో పోయింది. హైదరాబాద్‌లో పెరిగిన శ్యామ్ బెనెగల్ తన మొదటి ఫీచర్ సినిమా 'అంకుర్'ను 1974లో తీశారు. తెలంగాణ పల్లె, భూస్వామి కొడుకు, పనిమనిషి, దక్కనీ మాట. ఆ సినిమా బెర్లిన్ పోటీలో నిలబడింది. మరుసటి ఏడు వచ్చిన 'నిశాంత్' కాన్‌కు పోయింది.

ఆ తర్వాత 'మా భూమి'. 1979-80లో వచ్చింది. డైరెక్టర్ గౌతమ్ ఘోష్ బెంగాలీ. ఆయనకూ ఇదే మొదటి ఫీచర్ సినిమా. తీయించింది బి. నర్సింగరావు, జి. రవీంద్రనాథ్. కథకు మూలం కిషన్ చందర్ ఉర్దూ నవల. హీరో సాయిచంద్‌కు మొదటి సినిమా. తెలంగాణ శకుంతలకు మొదటి సినిమా. గద్దర్ తెర మీదికొచ్చి యాదగిరి పాట పాడింది ఇందులోనే. అంటే డైరెక్టర్ నుంచి నటుల దాకా కొత్తవాళ్లు కలిసి తీసిన సినిమా ఇది.

దీంట్లో జరిగిన అసలు పెద్ద పని భాష. అప్పటిదాకా తెలుగు సినిమాలో మన యాస అంటే విలన్‌కో, నవ్వించేవాడికో. 'మా భూమి'లో హీరో ఆ యాసలోనే మాట్లాడాడు, ఏడ్చాడు, ఎదురు తిరిగాడు. ఆ సినిమా చెకొస్లొవేకియాలోని కార్లోవీ వారీ ఫెస్టివల్ దాకా పోయింది. మన దగ్గర పుట్టిన పాట యూరప్‌లో మోగింది. సరిగ్గా ఆ టైముకు మల్లు స్వరాజ్యం గారు మన తుంగతుర్తి ఎమ్మెల్యే. 1978లో గెలిచారు, 1983లో మళ్లీ గెలిచారు. సినిమాలో చూపించిన చరిత్ర అసెంబ్లీలో కూర్చొని ఉందన్నమాట.

నర్సింగరావు అక్కడితో ఆగలేదు. 1988లో 'దాసి' తీశారు. గడిలో బతుకంతా కరిగిపోయే ఒక ఆడబిడ్డ కథ. మాటలు చాలా తక్కువ. గడి గోడలు, ఆమె కట్టు బట్టలే కథ చెప్తాయి. ఆ సినిమాకు ఐదు జాతీయ అవార్డులు వచ్చాయి. ఉత్తమ తెలుగు చిత్రం, ఉత్తమ నటిగా అర్చన, ఛాయాగ్రహణానికి ఎ.కె. బీర్, కళా దర్శకత్వానికి తోట వైకుంఠం. ఐదోది కాస్ట్యూమ్స్‌కు, అది తెచ్చింది మన మిర్యాలగూడ మనిషి సుదర్శన్. ఆ సినిమా పేరే ఆయన ఇంటిపేరైపోయింది, 'దాసి' సుదర్శన్ అనే పిలిచేవాళ్లు. 2024లో పోయారు. 'దాసి' మాస్కో ఫెస్టివల్‌లో ఆడింది, తర్వాత 'మట్టి మనుషులు' కూడా అక్కడికి పోయింది.

ఇప్పుడు లెక్క చూసుకోండి. బెర్లిన్, కాన్, కార్లోవీ వారీ, మాస్కో. మన కథలు అన్ని ఊళ్లూ తిరిగాయి. కానీ మీ క్లాసులో పది మందిని అడగండి, 'దాసి' చూసినోళ్లు ఎంతమంది? మిర్యాలగూడలో బట్టల షాపుల పేర్లు అందరికీ తెలుసు. బట్టలకు జాతీయ అవార్డు తెచ్చిన మనిషి పేరు ఎంతమందికి తెలుసు?

తప్పు మీది అనను. ఫెస్టివల్ అంటే మన బుర్రలో ఎర్ర తివాచీ, ఫొటోలు. దాని అసలు పని వేరే. మొదటి సినిమా తీసినోడికి ఒక అడ్రస్ ఇవ్వడం, పాత సినిమాను మర్చిపోకుండా మళ్లీ మళ్లీ తెర మీద వేయడం. బయటి ఫెస్టివల్ పేరు తెస్తుంది గానీ జ్ఞాపకాన్ని కాపాడదు. ఆ పని ఇంటి దగ్గరి ఫెస్టివలే చేయాలి. మాలగా స్పెయిన్‌కు చేస్తున్నది అదే.

మన దగ్గర ఆకలి లేదా అంటే ఉంది. 2018లో వెంకటేష్ మహా మొదటి సినిమా 'కేరాఫ్ కంచరపాలెం' చూడండి. విశాఖలో ఆ పేట మనుషులతోనే తీశారు. నిర్మాత ప్రవీణ పరుచూరి అమెరికాలో ఉండే డాక్టర్. న్యూయార్క్ ఇండియన్ ఫిల్మ్ ఫెస్టివల్‌కు ఎంపికైంది. 2023లో వేణు ఎల్దండి మొదటి సినిమా 'బలగం' వచ్చినప్పుడు ఏమైంది? ఊర్లకు ఊర్లు చందాలేసుకొని, గ్రామ పంచాయతీ ముందు తెర కట్టి చూశాయి. విడిపోయిన అన్నదమ్ములు మాట్లాడుకున్నారని వార్తలొచ్చాయి.

దీనికి స్పెయిన్‌లో ఒక అన్న ఉన్నాడు. విక్టర్ ఎరీసె మొదటి ఫీచర్ సినిమా 'ద స్పిరిట్ ఆఫ్ ద బీహైవ్', 1973. శాన్ సెబాస్టియన్ ఫెస్టివల్‌లో పెద్ద బహుమతి గెలిచింది. అది ఎట్ల మొదలైతదో తెలుసా? 1940, యుద్ధం ముగిసిన పల్లె. లారీలో సినిమా డబ్బాలొస్తాయి. ఊరోళ్లు ఎవరి కుర్చీ వాళ్లు ఇంటి నుంచి తెచ్చుకొని కూర్చుంటారు. 'ఫ్రాంకెన్‌స్టైన్' ఆడుతుంటే ఇద్దరు చిన్నపిల్లలు కళ్లార్పకుండా చూస్తారు. మన తాతల టూరింగ్ టాకీసు, గోనెసంచి పరుచుకొని కూర్చోవడం గుర్తొస్తలే?

తెర కడితే జనం వస్తారు, ఇది రుజువైన సంగతి. కట్టాల్సింది ఏటా ఒకే చోట, ఒకే రోజుల్లో. మొదటి సినిమాలకు, షార్ట్ ఫిల్ములకు మాత్రమే. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ, మూడింట్లో ఎక్కడైనా సరే. ఫంక్షన్ హాలు చాలు, ప్రొజెక్టర్ చాలు. మొదటి రోజు మొదటి ఆట 'మా భూమి', రెండో ఆట 'దాసి'. మూడో ఆట మీలో ఎవరో ఫోన్‌తో తీసింది.

పోరాటం చూసిన కళ్లు దాదాపు మూసుకుపోయాయి. స్వరాజ్యం గారు 2022 మార్చిలో వెళ్లిపోయారు. ఇంక మిగిలింది విన్నవాళ్లు, అంటే మీ తాతమ్మలు, మీ నాన్నలు. వాళ్ల ముచ్చట ఈ ఎండాకాలంలోనే రికార్డు చేయండి. మీ ఊర్లో టూరింగ్ టాకీసు డేరా ఎక్కడ వేసేవారో కూడా అడిగి కింద రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఆ జాగాల లిస్టు చదువుతా. తెర ఎక్కడ కట్టాలో అప్పుడు మనకే తెలుస్తది. ఉంటా మరి.