కార్‌కార్ చిచారోన్

మంట కాస్త ఎగదోయండర్రా. మీ నాయనమ్మ లోపలికెళ్ళింది, ఇప్పుడు చెబుతా. వింటే రేపట్నుంచి నా కంచం వేరు పెడుతుంది.

1980 ప్రాంతంలో నేను ఓడ ఇంజన్ గదిలో ఆయిలర్‌ని. నాతో డ్యూటీ చేసేవాళ్ళు చాలామంది ఫిలిప్పీన్స్ వాళ్ళే. సెబూ రేవులో సరుకు దింపుతుంటే, వాళ్ళలో ఒకడు నన్ను బస్సెక్కించి దక్షిణాన తన ఊరు కార్‌కార్ తీసుకెళ్ళాడు. నలభై కిలోమీటర్లుంటుంది. బస్సు ఆగిందో లేదో చిచారోన్ పొట్లాలమ్మేవాళ్ళు కిటికీల దగ్గర మూగేశారు. అంటే పంది తోలు వేపుడు. స్పెయిన్ వాళ్ళు 1565 నుంచి 1898 దాకా అక్కడ ఏలారు కదా, పేరు వాళ్ళది. పందులు మాత్రం అంతకుముందు నుంచీ ఉన్నవే.

వాడి అత్తగారింట్లో అదే పని. బొచ్చు గీకేసిన తోలు ఉప్పునీళ్ళలో ఉడికించి, ముక్కలు కోసి, గలగలలాడేదాకా ఎండబెడతారు. ముందు పంది కొవ్వులోనే సన్నసెగన మగ్గనిస్తారు. అప్పుడు చూస్తే ఇదా తినేది అనిపిస్తుంది. తర్వాత సలసల కాగే మూకుట్లో వేస్తే, లోపల మిగిలిన చెమ్మ ఆవిరై, ముక్క అప్పడంలా ఒక్కసారి ఉబ్బుతుంది. గరిటె ఆగిందా, మాడిందే. నంజుకోడానికి కొబ్బరికల్లు పులియబెట్టిన వెనిగర్, అందులో చితక్కొట్టిన వెల్లుల్లి, చిట్టి మిరపకాయలు. ఆ పులుపు తగిలితేగాని కొవ్వు వెగటు విరగదు.

సాయంత్రం బీరు దగ్గర నలుగురు చేరితే మధ్యలో ఇదే. ఊరెళ్ళినవాడు ఇంటికీ, ఇరుగుపొరుగుకీ పొట్లాలు తేవాల్సిందే, ఉత్తచేతులతో వస్తే మాటపడతాడు. శుక్రవారం మాంసం ముట్టకూడదని పెసలు వండుకుని, మీద చిచారోన్ నలిపి చల్లుకునే ఘటికులూ ఉన్నారు!

మీ అక్క ఆ దేశంలోనే, దవావ్‌లో డాక్టరీ చదువుతోంది కదా, ఈ చిచారోన్ సంగతి దాన్నడిగాను. 28 గ్రాముల్లో 150 కేలరీలు, 17 గ్రాముల మాంసకృత్తులు, పిండిపదార్థం సున్నా అంది. నేను మురిసేలోపే అందుకుంది. ఆ మాంసకృత్తులు చాలావరకు కొల్లాజెనేనట, అందులో ట్రిప్టోఫాన్ ఉండదట, కండతో సమానం కాదట. పెసలతో తింటే ఆ లోటు కొంత పూడుతుందట. ఘటికులు తెలివైనవాళ్ళే మరి! ఇక సోడియం 500 మిల్లీగ్రాముల దాకా. రోజుకి 2000 దాటొద్దంటారు, పావు వంతు ఆ గుప్పెట్లోనే అయిపోయింది. ఇంజన్ గదిలో చెమటలు కక్కే కుర్రాడికైతే చెల్లింది గాని, బీపీ బిళ్ళ మింగేవాడికి ఎలా చెల్లుతుంది?

సెలవులకొస్తూ ‘తేనా తాతా?’ అంది. వద్దే, ఆ వెనిగర్ సీసా ఒకటి పట్రా అన్నాను.