సిపాయి యింటికెన్నడు వచ్చును?



యుద్ధచరిత్రలు వ్రాసినవారు గెలుపోటములను, సేనానుల పేళ్లను విపులముగా వ్రాసిరి. ఇంటివద్ద యెదురుచూచువారికి కావలసిన సంగతి వేరొకటి. మా రేపల్లె ప్రాంతమున, నా చిన్నతనమందు, ఒక వృద్ధురాలు పటాలములో నున్న కుమారుని జాబును నాచేత చదివించుకొనెడిది. క్షేమసమాచారమైనను పూర్తిగా వినక, "సెలవెప్పుడని రాశాడు నాయనా?" అని యడిగెడిది. నేడు నేను చెప్పబూనినది ఆ ప్రశ్నకు సంబంధించిన పాతకథ.

ఈ ప్రాంతమునకు ఇంగ్లీషువారి పరిచయము ప్రాచీనమైనది. వారి గ్లోబు అను నోడ 1611లోనే మన నిజాంపట్టణపు రేవునకు వచ్చెను. 1759లో సలాబతుజంగు మచిలీపట్టణముతోపాటు నిజాంపట్టణమును గూడ కంపెనీకి ఇచ్చెను. తెనాలి, బాపట్లలు చేరిన గుంటూరు సర్కారు మాత్రము 1788లోగాని వారి వశము కాలేదు. ఈ నడుమనే ఉత్తర సర్కారులలో కంపెనీవారు సిపాయి పటాలములను కూర్చిరి.

1780లో హైదరాలీ కర్ణాటకముపై దండెత్తెను. సెప్టెంబరులో పొల్లిలూరువద్ద కర్నలు బెయిలీ సేన నాశనమయ్యెను. మదరాసున కలవరము పుట్టి, సర్కారు పటాలములలోని సిపాయిలను ఓడలపై పంపుడని యుత్తరువు వచ్చెను. అక్టోబరు 3వ తేదీన విశాఖపట్టణమున ఓడ యెక్కుమనగా సిపాయిలు ఎక్కమనిరి. తుపాకులు ప్రేలినవి. దొరలు కొందరు మరణించిరి. సిపాయిలు ఖజానాను దోచుకొని పట్టణము విడిచిపోయిరి.

సముద్రయానభీతియే దీనికి కారణమని చెప్పుట సులభము. నాకది చాలినట్లు తోచదు. అంతకు పదునెనిమిదేండ్లకు ముందు, 1762లో, మదరాసు సిపాయిలు సముద్రము దాటి మనీలా ముట్టడికి పోయియుండిరి. 1824లో బర్మాయుద్ధము వచ్చినప్పుడును మదరాసు పటాలములు వేలకొలది ఓడలెక్కి రంగూనునకు పోయినవి. అక్కడ వర్షములలో జ్వరములచేత, విరేచనములచేత చచ్చినవారు యుద్ధములో చచ్చినవారికంటె ఎక్కువ. అయినను 1826లో యాండబో సంధి జరుగువరకు నిలిచిరి. కావున 1780లో సిపాయిని బాధించినది నీరొక్కటే యనరాదు. ఎంతకాలము పోవలెను, వెనుక ఆలుబిడ్డల గతి యేమి, అను ప్రశ్నలును ఆ రేవులో నుండియుండునని నా తలంపు.

ఇట్లు తలంచుటకు ఆధారము మదరాసు సైన్యపు ఆచారములోనే యున్నది. ఆ సైన్యములో సిపాయి తన కుటుంబమును వెంటబెట్టుకొని తిరుగుచుండెను. పటాలము ఊరు మారినప్పుడెల్ల ముసలితల్లి, భార్య, పిల్లలు, కుండలు, మంచములు, అన్నియు బండ్లపై సాగవలసినదే. దొరలు దీనిని విసుగుకొనిరిగాని, ఆ బండ్లే సిపాయిని పటాలమున నిలిపినవి. సముద్రము దాటి పోవునపుడు జీతములో కొంత భాగమును ఇంటివారికి చెల్లించు పద్ధతి యేర్పడెను. బర్మాతీరమున మోల్మేనులో కాపున్న మదరాసు పటాలములను కొన్ని యేండ్లకొకమారు మార్చుచుండిరి.

మాట తప్పినచో ఏమగునో 1843లో జబ్బలుపురమున కనబడెను. మదరాసు ఆరవ అశ్వదళము అక్కడ కొలదికాలమే యుండునను నమ్మికతో కుటుంబములను దూరమున విడిచి వచ్చెను. తరువాత, అదియే స్థిరమైన మకామనియు, భత్యము తక్కువయనియు తెలిసెను. రౌతులు ఆజ్ఞను ధిక్కరించిరి. శత్రువు ఎదుట లేడు, సముద్రము లేదు. గడువు మారినది, అంతే.

సేనానికి గల చిక్కును గూడ చెప్పకున్న న్యాయము కాదు. రెండవ ప్రపంచయుద్ధమున బ్రిటిషు సిపాయి విదేశములలో ఇన్నాళ్లు పనిచేసినచో స్వదేశమునకు పోవచ్చునని నియమము చేసిరి. దాని పేరు పైథాను. కొండచిలువ పేరేల పెట్టిరో! 1945 జూనులో ఆ గడువును 3 సంవత్సరముల 4 నెలలకు తగ్గించిరి. అప్పుడే మలయాపై దిగుటకు మౌంటుబాటెను సేన సిద్ధమగుచుండెను. అనుభవముగల వారనేకులు ఒక్కసారిగా ఇంటిదారి పట్టవలసివచ్చి, పటాలములు డొల్లలగునేమోయని భయము కలిగెను. తల్లికిచ్చిన మాట నిలుపుకొనవలెనన్న, సరిహద్దున ఆ స్థానమున నిలుచుటకు మరియొక తల్లి కొడుకు సిద్ధముగా నుండవలెను.

నేటి భారతసైన్యమున ఈ లెక్క కాగితముపై నున్నది. సామాన్యముగా సిపాయికి ఏడాదికి 60 దినముల వార్షికపు సెలవు, 30 దినముల ఆకస్మికపు సెలవు కలవు. సరిహద్దుల కొలువు తరువాత కుటుంబముతో నుండదగిన శాంతిమకాములకు పటాలమును మార్చుదురు. 1984 నుండి మన సైన్యము నిలిచియున్న సియాచెను మంచుకొండలపై, గాలియే చాలని యెత్తుపై, ఒక్కొక్కని సుమారు మూడు నెలలే యుంచి దింపుదురు. అంతకు మించి దేహము తాళజాలదు.

మన డెల్టాలో సెలవు కోరువారు వరికోతలకో, సంక్రాంతికో కోరుదురు. అందరికి ఒకేసారి దొరకదు. ఈ యేడు ఒకడు, వచ్చుయేడు మరియొకడు. ఆ దినములలో తెనాలి స్టేషనున నిలిచి చూడుడు. తెల్లని అక్షరములతో పేరు, నంబరు వ్రాసిన నల్ల రేకుపెట్టెలతో పడుచువాండ్రు దిగి రేపల్లె బండికి మారుచుందురు. వారి జేబులో సెలవుచీటి యుండును. దానిపై వచ్చిన తేదీయు, తిరిగి చేరవలసిన తేదీయు, రెండును వ్రాసియుండును.