పాలసీసా నేర్పిన పాఠము
పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండు, ఫ్రాన్సు దేశములలో పొడవాటి రబ్బరు గొట్టముగల పాలసీసాలు వాడుకలో నుండెడివి. బిడ్డ తానే త్రాగెడిది; తల్లికి తీరిక చిక్కెడిది. కాని గొట్టము లోపల తోముటకు వీలులేదు; నిలిచిన పాలలో సూక్ష్మజీవులు పెరిగెడివి. సీసాకు బిగించిన పీకను పక్షము దినములు తీయనక్కరలేదని 1861లో వెలువడిన మిసెస్ బీటన్ గృహనిర్వహణ గ్రంథమే బోధించినది. ఎందరో పసికందులు అతిసారమునకు బలియైరి.

1894లో రెండు కొసలను తెరచి కడుగదగిన పడవ ఆకారపు సీసా ఇంగ్లండున వెలసినది. 1910లో ఫ్రాన్సు గొట్టపు సీసాలను నిషేధించినది.

మన ఉగ్గుగిన్నెలో వ్రేలికందని మూల లేదు. సీసాకు ఆ సుగుణము మనమే కల్పింపవలెను. పీకను విడదీసి, సబ్బునీటితో బ్రష్షుపెట్టి తోమి, కడిగి, పిదప నీట పూర్తిగా ముంచి 10 నిమిషములు మరగింతము. తోముట మాని మరగించుట చాలదు.